ఇసుకలో ఉప్పుబండి

ఆ పద్నాలుగు రేకు డబ్బాలు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ లూర్దమ్మ పొయ్యి బయట పెట్టుకుని వండుతోంది. పొగచూరిన మూడు రాళ్లను మోసుకెళ్లి వాకిలి చివర, ఇంటికి పది బారల దూరంలో పేర్చుకుంది. గాలి మళ్లినప్పుడల్లా గరిటె చేత్తో పట్టుకునే లేచి, రవ్వ ఎటు ఎగురుతోందో చూసేది. పొద్దు గూకకముందే అన్నాలు పెట్టేసి, ఇంట్లో దీపం వెలిగించడమే మానేసింది. సిలువయ్యకు బీడీ తాగాలనిపిస్తే రోడ్డు దాటి వెళ్లాల్సిందే.

"సినిమా డబ్బలే గవి, గంధకం గాదు," అన్నాడు సిలువయ్య నాలుగో రోజు, రోడ్డు అవతల నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ.

"నా తమ్ముడు గూడ గట్లనే అన్నడు. ఉత్త బొగ్గే అక్కా, దానంతటది ఎట్ల అంటుకుంటది అన్నడు."

లూర్దమ్మ తమ్ముడు గనిలో చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఎవరూ అగ్గిపుల్ల గీయని చోట, తవ్వి వదిలేసిన గోడలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంది. పైకి తెచ్చిన మనిషిని ఆమెకు చూపించలేదు. చూడలేదు కాబట్టే ఈ తొమ్మిదేళ్లుగా ఆ ముఖం ఆమెకు రోజుకో తీరుగా కనిపిస్తూ ఉంది.

ఊరిని ఇప్పుడు చంద్రపూర్ అంటున్నారు గాని అప్పట్లో చాందా. ఆ ఊరి కాలరీ లైనులో, బొగ్గుగని కూలీల వరస ఇళ్లలో, రేకుల కప్పు కింద ఒక గది, ఒక వసారా వాళ్ల ఇల్లు. సిలువయ్యది గనిలో ఇసుక గ్యాంగు పని. ఒక్కడే కొడుకు దేవరాజు, ఇరవై నాలుగేళ్లవాడు, అనంతరావు సేటు టూరింగు టాకీసులో ఆపరేటరు. డేరా ఎక్కడ లేస్తే అక్కడికి వెళ్లి మిషను తిప్పడం వాడి కొలువు. మంచం కింద గోనెల్లో చుట్టి పెట్టిన పద్నాలుగు డబ్బాల్లో ఉన్నది ఒకటే సినిమా. పేరు ఉప్పుబండి. అది ఆ ఇంట్లో ఉండకూడదు. అసలు అది భూమ్మీదే లేదని దేవరాజు కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. లూర్దమ్మకు నిప్పు భయం ఒకటైతే ఆ సంతకం భయం ఇంకొకటి. ఎటు తిరిగినా చివరికి పోయేది కొడుకే.

అది జరిగిన తీరు ఇది. రాజురా తాలూకా నిన్నమొన్నటిదాకా ఆదిలాబాద్ జిల్లా, అంటే సినిమా పంపిణీ లెక్కలో నిజాం ఇలాకా. అక్కడ ఆడే తెలుగు సినిమా హైదరాబాద్ కంపెనీ దగ్గర నుంచి వచ్చేది. యాభై ఆరు నవంబరు ఒకటిన రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఆ వారం సేటు డేరా రాజురాలోనే ఉంది, తెర మీద ఉప్పుబండి ఆడుతోంది. మీ ఊరు ఇక మా ఇలాకా కాదు, ఆట ఆపండి అన్నారు హైదరాబాద్ వాళ్లు. తెలుగు సినిమా మేం కొననే లేదు, మాకు పంపకండి అన్నారు ఇటువైపు కంపెనీ వాళ్లు. జనం రాని సినిమా కోసం లారీ ఎవరు పెడతారు? రెండు నెలలు ఉత్తరాలు నడిచాక హైదరాబాద్ నుంచి ఆఖరి మాట వచ్చింది. ప్రింటు నరికేసి చీటీ పంపండి అని.

కాలం తీరిన ప్రింటుకు జరిగే మర్యాదే అది. డబ్బా తెరిచి, రీలును మొద్దు మీద పెట్టి, గొడ్డలితో నడిమికి వేటు వేస్తారు. ఇంకెవడూ దొంగచాటుగా ఆడించుకోకుండా. పక్కన సాక్షి నిలబడాలి. నరికినవాడు, చూసినవాడు చీటీ మీద సంతకాలు పెట్టాలి. ముక్కలను గాజులు చేసేవాళ్లు తూకానికి పట్టుకుపోతారు.

సాక్షిగా నిలబడింది అనంతరావు సేటే. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పేపరు చదువుకుంటూ నిలబడ్డాడు. దేవరాజు పాత ప్రకటనల రీళ్లు, చిరిగిపోయిన వార్తల రీళ్లు, దొరికినవన్నీ కలిపి పద్నాలుగు చుట్టలు నరికాడు.

"దేవా, గా సినిమాకు ఆఖరి రోజు ఎంతమంది వచ్చిన్రు రా?" పేపరు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు సేటు.

"పదకొండు మంది సేట్."

"పదకొండుల మీ అమ్మ ఒకతె. ఇగ పది." సేటు నవ్వి చీటీ అందుకున్నాడు. "నరుకు, గట్టిగ నరుకు. పుణ్యమొస్తది."

నరకని పద్నాలుగు డబ్బాలూ ఎడ్లబండిలో, శనగపొట్టు బస్తాల కింద, నది దాటి ఇంటికి వచ్చాయి.

"దొంగ దస్కత్ చేసినవ్ గదరా. జేల్ల ఏస్తరు," అంది లూర్దమ్మ.

"గీ సినిమా ఒకటి ఉన్నదని యాది ఉన్నోడు ఉంటె గద జేల్ల ఏసేది."

"మరి ఎవలకూ యాది లేనిదాన్ని నువ్వెందుకు మోసుకొచ్చినవ్?"

దేవరాజు గోనె మూతి బిగించి కట్టాడు. "ఎనిమిదేండ్ల సంది మిషిను తిప్పుతున్న. మిషిను కాడ నిలబడ్డోడు సినిమా చూడడమ్మా, చప్పుడు ఇంటడు. గిది ఒక్కటి చూసిన. రీలు మార్చుడు మరిచిపోయి చూసిన, డేరాల తిట్లు తిన్న. మంచిగున్నదే. దీన్ని మంచిగున్నదని ఎవడూ రాయలే. నేను గొడ్డలి ఎత్తితె ఇగ రాసెటోడు పుట్టినా చూసెతందుకు ఉండది."

"మరి అంటుకుంటె?"

"గిది కాలే రకం కాదే."

కొడుకులు అట్లాగే చెబుతారు. లూర్దమ్మ ఆ మాటను చెవికి ఎక్కించుకోలేదు.

సినిమా మంచిదని ఆమెకు తెలుసు. ఆమె బాధల్లో అదీ ఒకటి. రాజురాలో డేరా ఉన్నప్పుడు ఓ నాడు మిషను కాలిపోయినట్టు కల వచ్చి, మర్నాడే సద్ది మూట కట్టుకుని నది దాటి వెళ్లింది. కొడుకు బాగానే ఉన్నాడు. వచ్చావు కదా చూసి పో అని ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టాడు. ఆ వైపు ఆమె ఒక్కతే. ఉప్పు బస్తాలు బండి మీద వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి కొండలు దాటి ఊరూరా తిరిగే ఒక యువకుడు, ఇంటి దగ్గర వాడి తల్లి. అంతే కథ. ఆ తల్లి ఏడవదు, పాట పాడదు. బండి వెళ్లిన దారిలోకి చూడకుండా ఉండటానికి ఇంట్లో ఏదో ఒక పని కల్పించుకుంటూ ఉంటుంది. కడిగిన కుండే మళ్లీ కడుగుతుంది. ఎవరికీ చెప్పుకోని తన లోపలి సంగతిని మద్రాసులో కూర్చున్న ఎవడో ఎట్లా కనిపెట్టాడో లూర్దమ్మకు అర్థం కాలేదు. మెచ్చుకోవడానికి బదులు ఆమెకు కోపం వచ్చింది. బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తీసినట్టు అనిపించింది.

అనంతరావు సేటు తెప్పించే హైదరాబాద్ వారపత్రిక పాత కాగితాల్లో దేవరాజు ఎడ్లబండి బొమ్మను బట్టి ఒకదాన్ని వెతికి పట్టుకొచ్చాడు. వాడు చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడతాడే గాని అక్షరాలు కూడబలుక్కోలేడు. లూర్దమ్మ మిషనరీల బడిలో నాలుగు తరగతులు చదివింది, బైబిలు చదువుతుంది. వేలు పెట్టి చదివి వినిపించింది. ఉప్పుబండి గురించి ఉన్నది రెండే రెండు ముక్కలు. 'పాటలు లేవు, పరుగు లేదు. రేవు దగ్గర సుంకం వాళ్లతో గొడవ ఒక్కటే కాస్త కదిలిక. ఎద్దులు బాగా నటించాయి.' కింద పేరు, రామకిషన్.

దేవరాజు ముందు నవ్వాడు. తర్వాత ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు.

"రేవు కాడి గొడవ మూడో రీలే అమ్మా. దాని తర్వాతది ఒక్క ముక్క రాయలే. గీన మూడు రీళ్లు చూసి లేసిపోయిండు."

"పోనీ తియ్యి. పెద్దోళ్లకు నూరు పనులుంటయి."

"కాయితం తియ్యి. నేను చెప్త, నువ్వు రాయి."

లూర్దమ్మ రాసింది. వాడు చెప్పిన మాటలకు బైబిలు తెలుగు తగిలించి, గుండ్రటి అక్షరాలతో రాసింది. 'అయ్యా, మీరు మూడు రీళ్లు మాత్రమే చూచితిరి. ఈ చిత్రము పద్నాలుగు రీళ్లు. మిగిలిన పదకొండు మా యొద్ద ఉన్నవి.' మా యొద్ద ఉన్నవి అని రాసి ఆమె కలం పక్కన పెట్టింది. మన నోటితో మనమే ఒప్పుకుంటున్నాం కదరా అంది. పోస్టు డబ్బా దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి వేసింది, జవాబు రాదన్న ధీమాతో.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. 'మీరన్నది నిజం. నేను మూడు రీళ్ల తర్వాత లేచి వెళ్లిపోయాను. మద్రాసు లేబరేటరీలో ఆ చిత్రం నెగటివు కాలిపోయిందని నిరుడే తెలిసింది. నేను విచారించినంతలో మిగతా ప్రింట్లు కూడా నరికేశారు. మీ దగ్గర ఉన్నది నిజమే అయితే అదొక్కటే మిగిలి ఉండవచ్చు. జూన్‌లో నాగపూరు వెళ్తూ మీ ఊళ్లో దిగుతాను. పూర్తిగా చూసి, పూర్తిగా రాస్తాను.'

దేవరాజు ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వాడు అంత ఆనందపడటం లూర్దమ్మ ఎప్పుడూ చూడలేదు. చూసి ఇంకా భయపడింది.

మార్చిలో డేరా ఎత్తారు. కోర్పణ, గడ్‌చాందూరు, లక్కడ్‌కోట్, వానలు పడేదాకా తిరుగుడే. వెళ్తూ వెళ్తూ దేవరాజు తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పైలంగ చూడు అమ్మా. నేను వచ్చెదాక గవాటిని ఏం కానియ్యకు."

"ఏం కానియ్య," అంది లూర్దమ్మ. ఆ మాటను ఆమె ఒట్టులాగే పెట్టుకుంది.

చాందా ఎండ సంగతి తెలిసిందే. ఏప్రిల్ సగానికే రేకుల కప్పు పెనంలా కాలింది. ఒకరోజు పక్కింటి హనుమంతు వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతూ మాటల్లో మాటగా అన్నాడు. అతను గనిలో మందు పెట్టి పేల్చేవాడు.

"సినిమా రీలు నేను చూసిన వదినా. వరోరాల ఒక టాకీస్ల అంటుకున్నది. నీళ్లు పోసినా ఆరలే. ఎండకే అంటుకుంటదట అది, అగ్గిపుల్ల గూడ అక్కర్లే. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే," అంది లూర్దమ్మ.

ఆ రాత్రి నుంచి ఆమె గంటకోసారి మంచం కింద చెయ్యి పెట్టి డబ్బాలను తాకి చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఇంట్లో అన్నీ వెచ్చగానే ఉన్నాయి గాని ఆమె చేతికి తగిలింది ఆ డబ్బాల వేడే. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చిన మొగుణ్ణి నీళ్లు కూడా తాగనివ్వలేదు.

"ఏమయ్యా, లోపట నిప్పు లేస్తదని భయమున్న కాడ మీరేం జేస్తరు?"

"ఇసుక నింపుతం. వార్ధా ఏటి ఇసుక, నీళ్లు కలిపి గొట్టంల నుంచి ఇడుస్తం. సందు లేకుంట నిండితె గాలాడది. గాలాడకుంటె నిప్పెక్కడిది?"

"మరి ఇంట్ల నింపు."

సిలువయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత డబ్బాల వైపు చూశాడు. అది అతనికి తెలిసిన పని. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క పనిలోనే అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు. వసారా మూలలో నడుము లోతు గొయ్యి తీశాడు. రెండు బండ్ల ఇసుక పోయించాడు. డబ్బాలను వరసగా పేర్చి, సందుల్లో తడి ఇసుక కూరి, పైన జానెడు మందం పరిచి అరచేత్తో కొట్టి చదును చేశాడు.

"రోజు ఒక కుండ పొయ్యి. ఎండనియ్యకు. ఎండితె నెర్రెవడుతది, గాలి దూరుతది."

లూర్దమ్మ పొద్దున ఒక కుండ పోసింది, సాయంత్రం ఇంకొకటి పోసింది. మే నెలలో నల్లా రాని రోజుల్లో తాము తాగేది తగ్గించి మరీ పోసింది. పోస్తూ ప్రభువా, నా బిడ్డ సొమ్ము అని గొణుక్కునేది. చెయ్యి పెట్టి చూస్తే ఇసుక చల్లగా ఉండేది. ఆ రెండు నెలలు, ఎన్నో ఏళ్ల తర్వాత, ఆమెకు నిద్ర పట్టింది. పొయ్యి మళ్లీ ఇంటి గోడ దగ్గరికి తెచ్చుకుంది.

జూన్ రెండో ఆదివారం పొద్దున దేవరాజు వచ్చాడు. డేరా సామానుతో ముందురోజే ఊళ్లో దిగి, సేటు గోదాములో మిషను సిద్ధం చేసి, స్టేషనుకు వెళ్లి రామకిషన్‌ను వెంట తీసుకొచ్చాడు. సన్నగా, నెరిసిన జుట్టుతో, చంకలో గొడుగుతో ఉన్నాడాయన. లూర్దమ్మ కుర్చీ తుడిచి వేసింది. దేవరాజు మంచం కిందికి వంగి చూశాడు.

"డబ్బలేవే?"

"నువ్వు పరేషాన్ గాకు. ఒక్కనాడు ఎండ తగలనియ్యలే," అంది లూర్దమ్మ. గొంతులో గర్వం దాచుకోలేదు. "ఏమయ్యా, పార తీస్కరా."

సిలువయ్య పార తెచ్చాడు. మొదటి పెళ్ల ఇసుక లేచేసరికి వాసన వచ్చింది, గోడ సందులో ఎలుక చచ్చినట్టు. దేవరాజు పార లాక్కుని దూరంగా పడేసి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వాడు. డబ్బాలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. మూత రాలేదు. ఉలి పెట్టి కొడితే ఊడింది, గోధుమరంగు నీళ్లు వాడి కాళ్ల మీద పడ్డాయి. లోపల రీలు తడిసిన బెల్లం అచ్చులా ఉంది. కొస పట్టుకుని లాగాడు. ఫిలిము వచ్చింది. గాజులా, తెల్లగా వచ్చింది. దాని మీద ఉండాల్సిన బొమ్మ వాడి వేళ్లకు నల్లటి జిగురులా అంటుకుని ఉంది.

రెండో డబ్బా అంతే. అయిదో డబ్బా అంతే. పద్నాలుగూ తీశారు.

రామకిషన్ ఒక మూర ముక్కను వెలుగుకు ఎత్తి పట్టుకుని అంచు చూశాడు.

"ఇది కాలే రకం కాదమ్మా," అన్నాడు మెల్లగా. "పాతవి అంటుకునేవి. ఇది కొత్త రకం, కాలదు. కాలదని ఇంగ్లీషులో అంచు పొడుగునా అచ్చు వేసే ఉంది. మీ అబ్బాయి మీకు చెప్పలేదా?"

"చెప్పిండు," అంది లూర్దమ్మ.

సిలువయ్య తవ్విన గొయ్యి వైపు చూస్తూ అన్నాడు, "ఇరవై ఏండ్లల్ల నేను ఇసుక నింపిన కాడ నిప్పు లేసిందా? ఎవలనన్న అడుగున్రి." ఎవరూ అడగలేదు. అతను పార తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

లూర్దమ్మ కొడుకు తిట్టడం కోసం చూసింది. ఆ కుండ తీసి నేలకు కొట్టినా బాగుండు అనుకుంది. వాడు చేతులు కడుక్కున్నాడు. నలుపు పోలేదు, ఇసుకతో రుద్ది మళ్లీ కడుక్కున్నాడు. "మిషిను విప్పి సేటుకు అప్పజెప్పి వస్త సార్," అని రామకిషన్‌తో అన్నాడు. ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా రాలేదు.

రామకిషన్ ఎక్కాల్సిన రైలు సాయంత్రానికి. ఆయన పోవడానికి ఇంకో చోటు లేదు. లూర్దమ్మ చాయ్ పెట్టి ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నా తప్పే ముందుది," అన్నాడాయన. "ఆ రోజు ఇంకో సినిమా వాళ్లు విందుకు పిలిచారు, అందుకని లేచిపోయాను. ఎద్దుల మీద ఆ హాస్యం నాకు చాలా బాగా కుదిరిందనుకున్నాను కూడా. మీరు చూశారట కదా?"

"ఒక్కసారి."

"నాకు చెప్పండి."

"నాకేం చెప్పవస్తది సారూ. నేను చదువుకున్నదాన్ని గాదు."

"చూసింది చూసినట్టు చెప్పండి."

ఆమె మొదట నిలబడే చెప్పింది. పిల్లగాడు బస్తాలు మోసి వస్తే వాడి వీపు మీద చెమటను ఎద్దు నాకుతుంది. తల్లి చూసి నవ్వుతుంది, సినిమా మొత్తంలో ఆమె నవ్వేది అదొక్కసారే. అది చెప్పేసరికి ఆమె నేల మీద కూర్చుంది. కొండదారి ఘాటు మీద వాన. బండి ఆగిపోతుంది. బస్తాల మీద కప్పడానికి ఏమీ లేక వాడు తన పంచె కప్పుతాడు, గోచితో నిలబడతాడు. నిండుగా ఉన్న బస్తాలు చూస్తుండగానే సన్నబడిపోతాయి. వాడు ఒక బస్తా మీద చెయ్యి వేసి ఉంటాడు, జ్వరమొచ్చిన మనిషి మీద వేసినట్టు. మాట ఉండదు, వాన చప్పుడే.

"ఎంతసేపు ఉంటుంది అది?" రామకిషన్ రాసుకుంటూ అడిగాడు.

"నాకు మస్తు సేపు అనిపించింది. డేరాల ఒకడు, ఇగ సాలియ్యరా అని ఒర్లిండు."

ఆమె చెబుతూ పోయింది. మాటలు దొరకని చోట చేతులతో చూపించింది. చివరకు బండి తిరిగి వస్తుంది. ఎడ్లు వాటంతటవే దారి పట్టి వస్తాయి. బండి మీద మనిషి లేడు. బస్తాలు చదునుగా, పలక మీద తెల్లటి చారలు. తల్లి బండిలోకి చూడదు. ముందు కాడి దించుతుంది. ఎడ్లకు నీళ్లు పెడుతుంది. అవి తాగేదాకా నిలబడి ఉంటుంది.

"తర్వాత?"

"తర్వాత ఏముంటది సారూ," అంది లూర్దమ్మ.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఎడ్లు నీళ్లు తాగుతుండగానే ఆమె లేచి డేరా బయటికి వచ్చేసింది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది గాని, ఖాళీ బండి వచ్చాక ఇంకా చెప్పడానికి ఏదైనా మిగిలి ఉంటుందని ఆమెకు తోచనే లేదు. ఆమె బతుకులో తోచదు.

రామకిషన్ పుస్తకం మూశాడు. పోయేటప్పుడు ఆమెకు నమస్కారం పెట్టాడు.

వానలు పట్టుకున్నాయి. దేవరాజు ఇంట్లోనే ఉన్నాడు. అన్నం పెట్టమంటాడు, గొడుగు ఏదంటాడు, అంతకు మించి మాట లేదు. వసారా మూల గొయ్యి పూడ్చేశారు. అక్కడ నేల కొద్దిగా కుంగి, వాన జల్లు నిలుస్తోంది.

ఆగస్టులో ఒకనాడు వాడు అనంతరావు సేటు దగ్గర నుంచి వారపత్రిక తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"సేటు ఏమన్నడు రా? సంగతి తెలిసిందా?" లూర్దమ్మ పత్రిక ముట్టుకోకుండానే అడిగింది.

"తెలిసింది. నరకలేదారా నువ్వు అని నవ్విండు. ఎవలడుగుతరు తియ్యి అన్నడు."

ఎనిమిది నెలలు ఆమె పోలీసుల కోసం దారి చూసింది. ఆ సినిమా కోసం పోలీసులు కూడా రారని ఇప్పుడు అర్థమైంది. దానికీ ఆమెకు బాధే కలిగింది.

రెండు పేజీల వ్యాసం. వేలు పెట్టి, రేకుల మీద వాన చప్పుడుకు పైన గొంతు పెట్టి చదివింది. 'ఈ చిత్రాన్ని మనం చూడకుండానే చంపాం. చంపినవాళ్లలో నేనొకణ్ణి.' ఎద్దు నాకడం ఉంది. వాన ఉంది. జ్వరమొచ్చిన మనిషి మీద చెయ్యి వేసినట్టు అన్న తన మాట ఉంది, అచ్చులో. అక్కడ ఆమె గొంతు తగ్గించి చదివింది. చివరి పేరాకు వచ్చింది. 'కొడుకు తిరిగి రాడు. తల్లి ఎడ్లకు నీళ్లు పెడుతుంది. చిత్రం అక్కడితో ముగుస్తుంది. ఓదార్పుకు చోటివ్వని ఇంత నిబ్బరమైన ముగింపు మన తెర మీద మరొకటి లేదు.'

"మళ్ల చదువు," అన్నాడు దేవరాజు.

చదివింది.

"వచ్చిండే," అన్నాడు.

"ఎవరు?"

"కొడుకు. ఆఖరి రీల్ల వస్తడు. మూడోనాడు, కట్టె పట్టుకొని కుంటుకుంట వస్తడు. నువ్వు చూడలేదా?"

లూర్దమ్మ వేలు ఇంకా ఆ అక్షరాల మీదే ఉంది. "నేను లేసొచ్చిన," అంది.

దేవరాజు గోడకు తల ఆనించాడు. "తలుపు కొడ్తడు. ఆమె తియ్యది. లోపట్నుంచే తిడుతది. వాడు అరుగు మీద కూసుంటడు, ఆమె తిట్టుకుంటనే ఉంటది. గట్ల తిట్టుకుంట ఉండంగనే అయిపోతది సినిమా."

"నిజంగ వస్తడా?"

"ఇరవై సార్లు చూసిన."

"నన్ను ఓదార్చెతందుకు చెప్తలేవు గద?"

రెండు నెలల్లో మొదటిసారి వాడు ఆమె ముఖంలోకి చూశాడు. "నిన్ను ఓదార్చెతందుకు నాకేం పట్టింది," అన్నాడు.

అది అబద్ధం చెప్పే మనిషి మాట కాదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. కుదుర్చుకోవడానికి లోకంలో ఎక్కడా ఏదీ మిగల్లేదు. ఉన్న ఒక్కటీ ఆమె కుండలు కుండలు పోసి కరిగించింది.

లేచి కాగితం, కలం తెచ్చుకుని కింద కూర్చుంది. "సారుకు రాద్దాం. చెప్పు."

వాడు చెప్పాడు, ఆమె రాసింది. 'అయ్యా, కుమారుడు వచ్చును. మూడవ దినమున వచ్చును.' రాత తలుపు కొట్టే చోటుదాకా వచ్చింది.

"ఏమని తిడుతది?"

"ఎరుక లేదు. మాట ఉండేది రీలు అంచుల. మనకచ్చిన ప్రింటుల ఆఖరి రీలుకు గా అంచు గీసుకపోయి ఉండె. బొమ్మ కనవడుతది, మాట రాదు. పెదవులే కదులుతయి."

"గంత సేపు తిడితె ఒక్క మాటన్న తెలుస్తది గదరా."

"తెల్వది."

లూర్దమ్మ కలం పట్టుకుని ఉండిపోయింది. మూడు రోజులు ఖాళీ బండిని చూసుకుంటూ కూర్చున్న తల్లి ఏమని తిడుతుందో ఆమెకు తెలియక కాదు. మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కాని అవి తన మాటలు. తన భయాన్ని ఒకసారి ఆ సినిమాకు అంటగడితే అది అచ్చయి కూర్చుంది. 'ఏమని తిట్టినదో మాకు వినబడలేదు' అని రాసింది. రాసింది చదివి వినిపించింది. వాడు తల ఊపాడు.

మర్నాడు వానలో వెళ్లి ఆమే పోస్టు చేసింది. నెల, రెండు నెలలు ప్రతి పత్రికా తెప్పించుకుని చదివింది. ఆ దిద్దుబాటు ఎక్కడా పడలేదు. రెండేళ్లకు రాజురా తాలూకా చాందా జిల్లాలో చేరిన ఏడు, సేటు తెచ్చిన ఇంకో పత్రికలో ఎవరో మరచిపోయిన మంచి సినిమాల పట్టిక వేశారు. ఉప్పుబండి అందులో ఉంది. రాసినాయన ఆ సినిమా చూడలేదు. కొడుకు రాని ఆ ముగింపు కోసమే దాన్ని గొప్పదన్నాడు.